బదనికపిట్ట
(మామిడితోపులు గల రైతులకు చేసిన ప్రసంగము)



రెవెన్యూ కాగితములను తెనిగించుట నా వృత్తి. పిట్టలనుగూర్చి చెప్పుటకు నేనెవ్వడనని మీరడుగవచ్చును. మా మామిడితోపే నాకీ పాఠము నేర్పినది. బదనిక పట్టి కొమ్మలెండుచుండగా, దానిని తెచ్చునది పిట్టయని యెవరో చెప్పిరి. వెంటనే కుర్రవాండ్రకు ఉండేళ్లిచ్చి కాపుంచితిని. ఆ యేడు చచ్చినవి చాలవరకు తేనెపిట్టలు. బదనిక ఒక్క మండయైనను తగ్గలేదు.

కావున ముందు పిట్టను గుర్తింపవలెను. నేను బదనికపిట్ట యనునది పిచ్చుకలో సగముండును. ముక్కునుండి తోకవరకు మూడంగుళములకు కొంచెము హెచ్చు. వీపు బూడిదవన్నె కలసిన ఆకుపచ్చ, పొట్ట మాసిన తెలుపు, తోక పొట్టి. ముక్కు సన్నమై, కొంచెము వంగి, లేత మాంసపురంగున నుండును. ముఖ్యమైన గురుతు ఇదియే. ఆడ మగలకు రూపభేదము లేదు. తేనెపిట్ట ముక్కు నల్లనిది, మిక్కిలి పొడవైనది. కన్నుచుట్టు తెల్లని వలయముగల పసుపుపచ్చపిట్ట వేరొకటి గలదు. దానితో దీనిని కలుపరాదు. ఆకులలో కంటికి చిక్కకున్నను ఇది చెవికి చిక్కును. కొమ్మనుండి కొమ్మకు దాటుచు “చిక్ చిక్ చిక్” అని యెడతెగక పలుకును.

బదనికపండులోని గింజచుట్టును బంక యుండును. పిట్ట పండును మ్రింగిన కొలది నిమిషములకే గింజ వెలువడును. అయితే బంకచేత వెనుక నంటుకొని వ్రేలాడును గనుక, పిట్ట కొమ్మకు ఒరసి దానిని వదలించుకొనును. ఆ గింజ అచ్చటనే మొలచి, బెరడు చొచ్చి, చెట్టు తెచ్చుకొన్న నీటిని తాను త్రాగును. తేనెపిట్ట పువ్వునుండి పువ్వునకు పుప్పొడి చేర్చును. గింజను చేర్చునది ఈ చిన్నదే. కొంకణమున ఈ రెండు జాతులును బదనికవ్యాప్తికి తోడ్పడు తీరును సలీం అలీగారు 1931లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పత్రికలో వివరించిరి. ఆ కాలముననే, 1931–32లో, వారు హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించిరి.

గింజ కడుపులో నిలుచునది నిమిషములే గనుక సాధారణముగా దూరము పోదు. పండు తిన్న చెట్టుమీదనో ప్రక్కచెట్టుమీదనో పడును. అనగా తోపులోని క్రొత్త బదనికకు విత్తనమిచ్చునది చాలవరకు ఆ తోపులోని పాత బదనికయే, కాదేని గట్టుమీది చెట్టే. నేను పిట్టను కొట్టించి పండ్లను చెట్టున విడిచితిని!

పండ్లు పండకమునుపే కోత ముగింపవలెను. బదనికను మాత్రము విరిచినచో మరల చిగుర్చును. అది అంటిన చోటికి క్రిందుగా జానెడు కొమ్మతోగూడ కోసి, గాయమునకు తుత్తము, సున్నము కలిపిన ముద్ద పూయుడు. మ్రానికే పట్టియున్నచో కొమ్మకోత పనికిరాదు. ఏటేట చెక్కివేయుచు పండు కట్టనీయకుండుటయే మార్గము. పొరుగువారితో కలసి ఒకేసారి చేసిన మేలు.

పిట్టను బాధింపకుడు. అది సాలీళ్లను, చిన్నపురుగులను కూడ తినును. వేసవిలో కొమ్మకొనను ఎండుటాకువలె గోధుమరంగు సంచి యొకటి వ్రేలాడుచు, ప్రక్కను చిన్న ద్వారముతో కనబడినచో, అది దాని గూడు. నారను సాలెపట్టుతో కూర్చి కట్టినది, చేతికి మెత్తగా నుండును. తెల్లని గ్రుడ్లు సాధారణముగా రెండు. మా తోపున బదనిక చాలవరకు పోయినది. గట్టుమీది కానుగను మరచితిని గనుక రెండవ యేడు మరల కోత వేయవలసి వచ్చినది.