బ్రౌజరు సౌకర్యములు – పాఠకుని గోప్యత
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటి నుండి తెలంగాణమున గ్రంథాలయము ప్రజల మేలుకొలుపునకు నెలవైనది. నిజాము పాలనలో గ్రంథాలయము నెలకొల్పువారిని, అందు కూర్చుండి చదువువారిని అధికారులు అనుమానదృష్టితో చూచిన సంగతి పెద్దలు చెప్పగా పిన్నలు వినియున్నారు. ఎవరు ఏమి చదువుచున్నారో తెలిసికొనవలెనను కోరిక అధికారము గలవారికి, వ్యాపారము చేయువారికి ఎల్లకాలమును ఉండునదే. కావుననే ఒక పాఠకుడు తీసికొనిపోయిన పుస్తకము పేరు మరియొకరికి చెప్పకుండుట మంచి గ్రంథపాలకునకు ధర్మమైనది.

నేడు పాఠకుని చీటీ రూపము మారినది. జగిత్యాలలో పరీక్షా ఫలితము చూచుకొను విద్యార్థి, కోరుట్ల నుండి గల్ఫు దేశమునకు పోదలచి వీసా వివరములు వెదకు యువకుడు, సిరిసిల్లలో మరమగ్గము నడుపుచు నూలు ధర విచారించు నేతగాడు – వీరందరును బ్రౌజరు అను కిటికీ గుండనే లోకమును చూచుచున్నారు. కొందరు దీనికి విహారిణి యని తెలుగు పేరు పెట్టినారు. చూచువాడు కిటికీ గుండ బయటికి చూచుచుండగా, బయటివారు అదే కిటికీ గుండ లోనికి చూడగలరు. నేటి ప్రసంగ విషయము ఇదియే.

బ్రౌజరు వయస్సు చాల తక్కువ. టిమ్ బర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధన సంస్థలో 1990లో మొదటి బ్రౌజరును రచించెను. 1993లో మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్ వచ్చినవి. 2004 నవంబరు 9వ తేదీన మొజిల్లా సంస్థ ఫైర్‌ఫాక్సును, 2008 సెప్టెంబరులో గూగుల్ సంస్థ క్రోమును విడుదల చేసినవి. ఫైర్‌ఫాక్సులోని మాటలను స్వచ్ఛంద సేవకులు తెనిగించుటచే ఆ బ్రౌజరు తెలుగులోను లభించుచున్నది.

బ్రౌజరునకు అదనపు శక్తి నిచ్చు చిన్న ఉపకరణములను యాడ్-ఆన్‌లు, అనగా జోడింపులు అందురు. వీనిలో తెలుగువారు మరువరాని దొకటి కలదు. యూనికోడులో తెలుగు లిపికి 1991లోనే స్థానము లభించినను, అటుపిమ్మట చాలకాలము వరకు తెలుగు దినపత్రికలు తమ తమ సొంత ఫాంట్లలోనే వార్తలను ప్రకటించెడివి. ఆ ఫాంటు లేనిచోట వార్తకు మారుగా అర్థము లేని గుర్తులు కానవచ్చెడివి. ఊరి వార్త చదువగోరిన ప్రవాసికి అది ఎంతటి నిరాశయో ఊహింపవచ్చును. అప్పుడు ఒక తెలుగువాడు ఫైర్‌ఫాక్సు కొరకు 'పద్మ' అను జోడింపును రచించెను. అది ఆ గుర్తులను యూనికోడు తెలుగు అక్షరములుగా మార్చి చూపెడిది. కంపెనీల వలన కాని పనిని ఒక వ్యక్తి శ్రమ సాధించెను.

అయితే ఒక సూక్ష్మమును గమనింపవలెను. పుటలోని అక్షరములను మార్చవలెనన్న ముందుగా పుటను చదువవలెను. పత్రికను చదువగల జోడింపు, అట్టి అనుమతినే పొందినచో, బ్యాంకు పుటను సైతము చదువగలదు. అందుచేతనే జోడింపును చేర్చునప్పుడు, మీరు చూచు అన్ని సైట్లలోని సమాచారమును చదువుటకు, మార్చుటకు అనుమతింతురా యని బ్రౌజరు అడుగును. చాలమంది ఆ మాట చదువకయే సరే యని నొక్కుదురు. ఇంటి తాళపుచెవిని అపరిచితున కిచ్చుట ఇట్టిదే.

పరిచితుడైనను చేయి మారిన తాళపుచెవి ప్రమాదకరమే. క్రోమునకు 'ది గ్రేట్ సస్పెండర్' అను జోడింపు ఉండెడిది. వాడని పుటలను నిద్రపుచ్చి కంప్యూటరు భారమును తగ్గించు ఆ ఉపకరణమును లక్షలాది జనులు నమ్మి వాడిరి. 2020లో దాని కర్త దానిని క్రొత్త యజమాని కప్పగించెను. హానికరమైన భాగము చేరినదని 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని తొలగించెను. జోడింపు పేరు మారలేదు, గుర్తు మారలేదు. లోపలి మనిషి మాత్రము మారినాడు. కావున జోడింపులు ఎంత తక్కువగా ఉన్న అంత మేలు. వాడనిదానిని వెంటనే తీసివేయవలెను.

ఇక కుకీల సంగతి. 1994లో నెట్‌స్కేపులో పనిచేసిన లూ మోంటుల్లీ దీనిని కనిపెట్టెను. సైటు తన పాఠకుని గుర్తుంచుకొనుటకు అతని బ్రౌజరులో ఉంచు చిన్న చీటీయే కుకీ. కోరుట్ల బజారులో ఒక వర్తకుడు ఖాతాదారుని చేతికి చీటీ నిచ్చి, మరునాడు దానిని చూచి గుర్తించినచో తప్పేమియు లేదు. కాని ప్రతి దుకాణములోను ఒకే బయటివాని మనిషి నిలిచి, ఆ మనిషి తానును ఒక చీటీ నిచ్చి, వచ్చినవాడు ఎచ్చట ఏమి బేరమాడెనో వ్రాసికొనినచో? మూడవపక్షపు కుకీలు చేయునది ఇదియే. పాఠకుని అభిరుచులు, అవసరములు, ఆరోగ్యచింతలు ఈ విధముగా ప్రకటనల వ్యాపారులకు చేరును.

దీనిని అరికట్టుటలో బ్రౌజర్లన్నియు ఒక్క తీరున నడువలేదు. ఆపిల్ సంస్థ సఫారీలో 2020 మార్చి నాటికి మూడవపక్షపు కుకీలను పూర్తిగా ఆపివేసెను. ఫైర్‌ఫాక్సు 2019 సెప్టెంబరు నుండి, ఎవరును అడుగకయే, తెలిసిన జాడగాండ్ర కుకీలను అడ్డుచున్నది. 2022లో ఒక సైటు కుకీ మరియొక సైటునకు చిక్కకుండ వేరువేరు అరలలో ఉంచు పద్ధతిని అందరికిని వర్తింపజేసెను. ఈ కుకీలను తొలగింతుమని 2020లో ప్రకటించిన గూగుల్, 2024లో ఆ ఆలోచనను విడిచెను. కావున క్రోము వాడువారు సెట్టింగులలో గోప్యత అను భాగమును తెరచి వానిని స్వయముగా ఆపుకొనవలెను.

ప్రైవేటు కిటికీ, ఇన్‌కాగ్నిటో అను సౌకర్యమును గూర్చి పెక్కు అపోహలు కలవు. దానిని మూసినంతనే చూచిన పుటల జాబితా, కుకీలు చెరిగిపోవుట నిజము. కాని దర్శించిన సైటునకు, ఇంటర్నెట్టు నిచ్చు సంస్థకు ఆ రాక తెలియకపోదు. ఈ కిటికీలోను సమాచారము సేకరింపబడినదని 2020లో అమెరికాలో గూగుల్ పై దావా పడెను. సేకరించిన రికార్డులను నాశనము చేయుటకు ఆ సంస్థ 2024లో అంగీకరించెను. వేరొక ముఖ్య విషయము: ఈ కిటికీలో దింపుకొనిన ఫైళ్లు కిటికీ మూసినను పోవు. పదిమంది వాడు కంప్యూటరులో పాస్‌పోర్టు నకలును, ఆధారు నకలును దింపి, అచ్చు తీయించుకొని లేచిపోయినవాని పత్రములు డౌన్‌లోడుల అరలో అట్లే పడియుండును. తరువాత కూర్చుండువాడు సజ్జనుడే యగునను హామీ యెచ్చటను లేదు. విదేశము పోవు పేదవానికి ఆ కాగితములే సర్వస్వము.

సైటు పేరు ప్రక్కన కానవచ్చు తాళము గుర్తు మరియొక భ్రమకు కారణమైనది. మాట దారిలో ఎవరి చెవిని పడదని మాత్రమే ఆ గుర్తు చెప్పెడిది. అవతలివాడు నిజాయితీపరుడని కాదు. మోసగాండ్రును తాళము వేసికొనగలరు. జనులు ఈ భేదమును గ్రహింపకుండుటచే 2023 సెప్టెంబరులో క్రోము ఆ గుర్తును మార్చివేసెను. వీసా, ఉద్యోగము పేరుతో డబ్బడుగు సైటు ఎదురైనచో ముందుగా దాని చిరునామాను అక్షరమక్షరము చదువవలెను. అనుమతి గల నియామక ఏజెంట్ల పేర్లు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైటులో చూడవచ్చును. మోసపోయినవారు ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

క్రొత్త సౌకర్యములు దినదినము వచ్చుచున్నవి. పరభాషా పుటను అనువదించుట, బిగ్గరగా చదివి వినిపించుట, సారాంశము చెప్పుట గ్రామీణ పాఠకునకు మహోపకారములు. ఐనను ఆ పని ఎచ్చట జరుగుచున్నదో అడుగవలెను. 2023లో ఫైర్‌ఫాక్సున చేరిన అనువాదము పాఠకుని కంప్యూటరులోనే జరుగును; వేరు కొన్ని సౌకర్యములు పుటను దూరపు యంత్రములకు పంపి అచ్చట చదివించును. 2025లో కృత్రిమ మేధ సహాయకుని కలిగిన బ్రౌజర్లును వెలువడినవి. అవి తెరచిన పుటలను చదివి పని చేయును గాన, బ్యాంకు లెక్కలు, వైద్యుని నివేదికలు తెరచునప్పుడు జాగ్రత్త అవసరము.

గోప్యత ధనవంతుల విలాసము కాదు. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును చేసెను. అయినను, తెరచి వదలిన తలుపును మూయుటకు న్యాయమూర్తి ఇంటింటికి రాడు.

ఆ పని గ్రంథాలయము చేయగలదు. ఇచ్చటి కంప్యూటరులో బ్రౌజరు మూసినప్పుడెల్ల కుకీలును, చరిత్రయు చెరిగిపోవునట్లు అమర్చవలెను. సంకేతపదము దాచుకొందునా యని బ్రౌజరు అడుగకుండ ఆ సౌకర్యమును ఆపివేయవలెను. కార్యవర్గము సమ్మతి లేనిదే ఏ జోడింపును చేర్పరాదు. డౌన్‌లోడుల అరను ప్రతి సాయంకాలము ఖాళీ చేయవలెను. ఈ నాలుగు నియమములను పెద్ద అక్షరములతో వ్రాసి కంప్యూటరు ప్రక్కన గోడకు అంటింపవలెను. ఇందుకు కావలసినది ఒక పూట శ్రమ మాత్రమే, ధనవ్యయము లేదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు తలుపులు అందరికిని తెరచియున్నవి. పాఠకుని చీటీ మాత్రము మూసియే యున్నది. పుస్తకము విషయమున పాటించిన ఆ మర్యాదను తెర విషయమునను పాటించినచో, కోరుట్ల యువకుడు తన పాస్‌పోర్టు కాగితమును, సిరిసిల్ల నేతగాడు తన బ్యాంకు లెక్కను నిర్భయముగా ఇచ్చట తెరచి చూచుకొనగలడు. రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన సంకల్పము వేరొకటి లేదు.