అఱచేతి నాటికలు

ఇటీవల నొకనాటి రాత్రి భోజనానంతరమున, రెండు నిమిషముల నాటిక యొకటి చూచి నిద్రింపవచ్చునని మేము ఫోను చేతికి తీసికొంటిమి. కథానాయిక భోజనశాలలో వడ్డన చేయు పేదపిల్ల. నలుగురిలో ఆమెకు అవమానము జరుగుచుండగా నల్లని కారులోనుండి ఒక కోటీశ్వరుడు దిగెను. అతడు నోరు విప్పబోవునంతలో ఆ భాగము ముగిసెను. తరువాత మేము గడియారము చూచునప్పటికి అర్ధరాత్రి దాటినది! మమ్ము అంతసేపు కదలనీయని శక్తి యెట్టిదో విచారించుటయే నేటి ప్రసంగోద్దేశము.

చీనాదేశమున వీనిని 'దువాన్‌జూ' అందురు. చిన్న నాటకమని అర్థము. ఫోను నిలువుగా పట్టి చూచుట కనువుగా, ఒకటి రెండు నిమిషముల భాగములు అరువది మొదలు నూరు వరకు కూర్తురు. పెక్కింటి చిత్రీకరణము వారము పదిదినములలో ముగియును. 2024లో ఆ దేశపు చలనచిత్రశాలల రాబడి సుమారు 4,250 కోట్ల యువానులు కాగా, ఈ నాటికల వ్యాపారము 5,000 కోట్ల యువానులకు చేరెనని అంచనా.

నిడివి తక్కువగుటయే దీనికి కారణమందురా? అమెరికాలో 2020 ఏప్రిలులో క్విబి యను సంస్థ పేరుమోసిన నటులతో పది నిమిషముల లోపు కార్యక్రమములు ప్రారంభించి, ఆ యేడే మూతపడినది. కావున ఆకర్షణ నిడివిలో లేదు. కథలోని కోరికలో నున్నది. గుర్తింపునకు నోచని మనిషిని ఒకనాడు ఒకరు గుర్తించుటయే ఆ కోరిక. ఇది క్రొత్తది కాదు. శకుంతల యుంగరము కథలోను ఉన్నది ఇదియే. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' నవల పత్రికలో వెలువడునప్పుడు మన యిండ్లలో దానికై యెదురుచూచినవారెందరో! అయితే నాడు తరువాతి సంచిక వచ్చువరకు ఎడముండెను. జయంతి ఆత్మాభిమానమును గూర్చి పాఠకురాండ్రు తమలో తాము తర్కించుకొనుటకు వ్యవధి యుండెను. నేడు ఫోను ఆ యెడము నుంచదు.

ధారావాహిక నాటకములు ప్రసారము చేయు మాకు, ముడి వేసి ఆపు విద్య తెలియనిది కాదు. కాని ఇచట ముడికి వెల కట్టుదురు. పెక్కు సంస్థలు మొదటి భాగములను ఉచితముగా చూపి, పిమ్మట ఒక్కొక్క భాగమునకు కొంత రుసుము గొందురు. విడిగా అది స్వల్పము. కథ ముగియుసరికి సినిమా టిక్కెట్టును మించవచ్చును. కోటీశ్వరుల కథలను తగ్గింపుడనియు, సంపదాడంబరమును గొప్పగా చూపవలదనియు చీనా ప్రభుత్వ ప్రసారశాఖయే 2024 నవంబరులో సూచించినది.

వీనిని చూచువారిని పరిహసించుట మాకు సమ్మతము కాదు. దినమంతయు చాకిరి చేసి ఒక్క మంచిమాటకు నోచని యిల్లాలు రాత్రి ఆ రెండు నిమిషములు కోరుకొన్నచో తప్పెవరిది? చూడుడు, కాని రుసుము చెల్లించుటకు ముందు అంతవరకైన మొత్తమును ఒకసారి కూడి చూచుకొనుడు. ఇంటిలోని తక్కినవారికిని ఒక విన్నపము. ఆ కోటీశ్వరుడు తుదకు చెప్పినది 'నీ విలువ నేనెఱుగుదును' అను మాటయే. ఆ మాట చెప్పుటకు నల్లని కారు అక్కరలేదు. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు మీరే చెప్పవచ్చును.