ఊరి కేసు - కువైట్ ప్రయాణము

వానలు మొగము చాటుచేసిన యేట కడప, కర్నూలు సీమల రైతు మొదట ఆకాశము వంక చూచును. పిదప బస్సు వంక చూచును. రాయచోటి, రాజంపేట, పుల్లంపేట ప్రాంతములనుండి ఎందరో కువైట్‌నకు పోయి, డ్రైవర్లుగా, వంటవారుగా, ఇంటిపనివారుగా కష్టించి, పంపిన సొమ్ముతో ఇక్కడి అప్పులు తీర్చుచున్నారు. అట్టి ప్రయాణమునకు పలువురు తలపని అడ్డొకటి కలదు. అది మరచిపోయిన పాత కేసు.

ఒక యువకుని ఊహింపుడు. తిరునాళ్లలో రెండు వర్గములు కొట్లాడినవి. కొట్టినవారితోపాటు చూచుచు నిలిచిన ఇతని పేరును ఫిర్యాదులో చేరినది. పెద్దమనుష్యులు రాజీ చేసిరి. తగవు తీరినదని ఇంటిల్లిపాదియు నమ్మిరి. కాని రచ్చబండ యొద్ద తీరిన తగవు కోర్టులో తీరినట్లు కాదు. వడ్డీకి తెచ్చిన సొమ్ము ఏజెంటు చేతికి పోయిన పిదప, పోలీసు విచారణలో కేసు బయటపడును.

1967 నాటి పాస్‌పోర్టుల చట్టము 6వ సెక్షను ప్రకారము, క్రిమినలు కోర్టులో కేసు నడచుచున్నచో పాస్‌పోర్టు నిరాకరింపబడును. దరఖాస్తునకు ముందు 5 సంవత్సరములలోపల నీతిబాహ్యమైన నేరమునకు 2 సంవత్సరములకు తక్కువ గాని శిక్ష పడినను అంతియే. అయితే స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. వ్రాసినంత మాత్రమున కేసు కోర్టులో నున్నట్లు కాదనియు, న్యాయస్థానము దానిని విచారణకు స్వీకరించియుండవలెననియు విదేశాంగ శాఖ 2019లో స్పష్టపరచినది.

కేసు నడచుచున్నను దారి పూర్తిగా మూసుకొనలేదు. 1993 నాటి ప్రభుత్వ ప్రకటన ననుసరించి, విదేశమునకు పోవుటకు ఆ కోర్టే అనుమతించినచో పాస్‌పోర్టు పొందవచ్చును. కోర్టు గడువు చెప్పనిచో అది ఒక సంవత్సరమునకే చెల్లును.

"కేసు లేదని వ్రాయుము, ఎవరు చూచెదరు?" అని చెప్పు ఏజెంటులు కలరు. చేవ్రాలు మీది, శిక్షయు మీదియే. తెలిసి అబద్ధము వ్రాసినవారికి 2 సంవత్సరముల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

కువైట్ చేరిన పిదపను జాగరూకత వలయును. అచ్చట మద్యము నిషిద్ధము. నేరము రుజువైనచో శిక్షతో ఆగక, అకామా రద్దై దేశమునుండి పంపివేయబడవచ్చును. వ్రేలిముద్రలు రికార్డులో నిలుచును గనుక, పేరు మార్చుకొని మరల పోవుట ఆత్మవంచనయే.

కనుక ఏజెంటునకు పైకము చెల్లించుటకు ముందే న్యాయవాదిని కలిసికొని, మీ పేర కేసేమైన నున్నదా యని విచారింపుడు. రాజీకి వీలైనదైనచో లోక్ అదాలత్‌లో తీర్చుకొనుడు. ఫీజు భరింపలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. కేసు కొట్టివేయబడినచో తీర్పు నకలు తీసికొని, పొలము పత్రములతోపాటు పెట్టెలో భద్రపరచుకొనుడు. ఊరిలో మన మంచితనమును పదిమందియు చెప్పుదురు. పొరుగు దేశమున దానిని చెప్పునది ఆ కాగితమే.