చిన్న కారు ఇంజను పునర్నిర్మాణము

విజయవాడలో బందరు రోడ్డును చెన్నై–కలకత్తా జాతీయ రహదారి ఖండించు కూడలియే బెంజ్ సర్కిలు. దానికి తూర్పున, 1960 దశకములో వెలసిన జవహర్ ఆటోనగరు కలదు. లారీలకు బాడీలు కట్టువారు, లేతు పనివారు, రేడియేటర్లు అతుకువారు, స్ప్రింగు పట్టీలు సరిచేయువారు అచ్చట వీధులు వీధులుగా ఉన్నారు. ఇంట పాత కారు ఉన్నవారు ఏనాడో ఒకనాడు ఆ దారి పట్టక తప్పదు. మేమును అట్లే పట్టితిమి.

మా కారు ప్రీమియర్ పద్మిని. ఇది ఇటలీ దేశపు ఫియట్ 1100 కారు వంశములోనిది. బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్సు వారు ఆ వంశపు కార్లను 1954 నుండి తయారుచేయుచు వచ్చి, 2000 ప్రాంతమున నిలిపివేసిరి. దీని ఇంజనులో సిలిండర్లు నాలుగు. ఒక్కొక్క దాని వ్యాసము 68 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు, మొత్తము 1089 సి.సి. నిర్మాణము సులువైనది. ఆ సులువే మనుష్యుని తొందరపెట్టును.

పొగ వచ్చుచున్నదని వెంటనే ఇంజను దింపరాదు. మొదట ప్లగ్గులన్నియు విప్పి, గేజి అమర్చి, స్టార్టరుతో త్రిప్పి ఒక్కొక్క సిలిండరులోని ఒత్తిడిని చూడవలెను. తక్కువగా ఉన్నదానిలో చెంచాడు ఆయిలు పోసి మరల చూడవలెను. ఒత్తిడి పెరిగినచో లోపము రింగులలోనో, బోరులోనో ఉన్నదని అర్థము. ఆయిలు ఆ సందును క్షణకాలము మూసినది. పెరగనిచో వాల్వులను, హెడ్డు గాస్కెట్టును శంకింపవలెను. వాల్వులు గ్రైండు చేయించిన తీరిపోవు పనికి ఇంజనంతయు విప్పుట వృథా వ్యయము.

విప్పక తప్పనిచో, కోయుటకు ముందు కొలువవలెను. సిలిండరు అంతటను సమానముగా అరగదు. పిస్టను పైకి వచ్చి వెనుదిరుగు చోట వేడిమి హెచ్చు, ఆయిలు తక్కువ; అరుగుదల అక్కడనే ఎక్కువ. కావున పైన, నడుమ, క్రింద మూడు చోట్లను, ఇంజను పొడవు వెంబడిని, దానికి అడ్డముగాను కొలువవలెను. పిస్టన్లు ముందు కొని, వానికి సరిపోవునట్లు బోరు వేయింపవలెను. పిస్టన్లు చేతికి రాకముందే బోరు వేయించుట, కాలు కొలువకయే చెప్పులు కుట్టించుట వంటిది. తీసిన ఇనుము తిరిగి రాదు. ప్రతి బోరుతోను సిలిండరు గోడ పలుచబడును. పెద్ద సైజు పిస్టన్లును కొన్ని మెట్లతో ముగిసిపోవును. ఆ పిమ్మట లైనర్లు దింపించుటయే గతి.

మా మొదటి ప్రయత్నమున కొలతలన్నియు సరిగనే జరిగినవి. బోరు వేసిన బ్లాకులోను, గ్రైండు చేసిన క్రాంకుషాఫ్టులోను ఉన్న ఆయిలు దారులను బ్రష్షుతో కడుగుటకు ఇంకొక దినము కావలెనని మిస్త్రీ చెప్పెను. మాకో, మరునాడే ఏలూరులో బంధువుల పెండ్లి. గుడ్డతో తుడిచి బిగింపుమంటిమి. గన్నవరము దాటిన కొంతసేపటికి ఆయిలు దీపము వెలిగినది. వెంటనే ఇంజను అడుగున కొట్టుడు మొదలైనది. దారులలో మిగిలిన ఇనుప రజను బేరింగులను గీసివేసినది. వృద్ధురాలైన మా తల్లి ఆ యెండలో, రోడ్డు ప్రక్క చెట్టు క్రింద, రెండు గంటలు కూర్చుండెను. ఆమె ఒక్క మాటయు అనలేదు. క్రాంకుషాఫ్టు మరల గ్రైండు చేయింపవలసి వచ్చినది. ఒక దినము మిగుల్చుకొనబోయి రెండు నెలల జీతము పోగొట్టుకొంటిమి. తప్పు మిస్త్రీది కాదు, మాది.

రెండవ మారు మేము దగ్గర నిలిచి కడిగించితిమి. ఆయిలు దారుల బిరడాలు తీసి, కిరసనాయిలుతో బ్రష్షు నడిపి, గాలి కొట్టించితిమి. బోరులను వేడి సబ్బునీటితో కడిగి, లోపల త్రిప్పిన తెల్లగుడ్డ తెల్లగానే వచ్చువరకు విడువలేదు. ఆరిన వెంటనే ఆయిలు పూయించితిమి. కృష్ణాతీరపు తేమలో వట్టి యినుము త్వరగా త్రుప్పు పట్టును. అల్యూమినియము హెడ్డు వంగినదేమోనని బద్ద ఆనించి చూచి, బోల్టులను నడుమ నుండి అంచులకు, విడతలు విడతలుగా బిగించితిమి. రేడియేటరులో బోరింగు నీరు పోయుట మానితిమి. అందలి లవణములు నీటి దారులలో పెచ్చుగట్టును.

ట్యూనింగునకు ఒక వరుస ఉన్నది. మొదట టాపెట్ల ఎడము, పిమ్మట డిస్ట్రిబ్యూటరు పాయింట్లు, తరువాత టైమింగు, కట్టకడపట కార్బురేటరు. తక్కినవి తప్పుగా నున్నప్పుడు కార్బురేటరు మర త్రిప్పుట, జ్వరమెందులకో తెలియక మందు మార్చుట వంటిది. ఈ ఇంజనులో నిప్పు 1, 3, 4, 2 వరుసలో పడవలెను. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. దానివలన పాత కార్బురేటరులో ఇంధనపు పాలు కొంత పలుచనగును. పాత రబ్బరు గొట్టములును చెడును. గొట్టములు మార్చి, మిశ్రమమును కొంచెము చిక్కబరచుట మేలు.

పిమ్మట బందరు రోడ్డున, కంకిపాడు మీదుగా ఉయ్యూరు వరకు పలుమారులు నడిపితిమి. ఒకే వేగమున పోలేదు; పై గేరులో ఇంజనును ఈడ్పించలేదు. క్రొత్త రింగులు గోడకు ఒరుసుకొని కుదురుకొనుటకు ఈ ఓర్పు అవసరము. 500 కిలోమీటర్లకు ఆయిలు మార్చి, హెడ్డును, టాపెట్లను మరల చూచుకొంటిమి.

పరీక్ష వేగములో లేదు. రోహిణీ కార్తె మధ్యాహ్నమున బెంజ్ సర్కిలు ఎర్రదీపము వద్ద నిలిచినప్పుడు ఇంజను ఆగిపోకుండ, ఊగిపోకుండ, నీలిపొగ విడువక, వేడిముల్లు కదలక నిలిచినచో, ఆ పని బాగుగా జరిగినట్లే. మా కారు అట్లు నిలిచినది. వెనుక సీటున మా తల్లి కూర్చుండి యుండెను. దీపము పచ్చనైన పిమ్మట, "ఈమారు ఏలూరు పోవచ్చునా?" అని ఆమె అడిగినది. పోవచ్చునని చెప్పితిమి.