మాట వేఱు, ఆజ్ఞ వేఱు



సాక్షి చెప్పినదెల్ల వ్రాసికొని, గుమాస్తా తుదను 'అని చెప్పినాడు' అని ముగించును. సాక్షి 'ఈ గోడను పడగొట్టుడు' అని పలికినను అది సాక్షి మాటయే గాని న్యాయాధిపతి యుత్తరువు కాదు. 'అని' యను నా రెండక్షరములే మాటకును ఆజ్ఞకును నడుమ గట్టు.

నేడు పింఛను దరఖాస్తులు సైతము కంప్యూటరు ద్వారా నడచుచున్నవి. అందును ఈ గట్టు అవశ్యము. వెబ్‌సైటు పుటలను మనకు చూపు సాధనమునకు బ్రౌజరని పేరు. గణితమున 'తక్కువ' యని తెలుపు కోణపు గుర్తు పుటలో కనబడినచో, దాని వెంట నున్నది చదువవలసిన మాట కాదు, నెరవేర్పవలసిన ఆజ్ఞ యని బ్రౌజరు తలంచును. కావున పేరు వ్రాయవలసిన గడిలో నెవడేని ఆజ్ఞ వ్రాసినచో, ఆ పుటను తెఱచిన వారందఱి బ్రౌజరులును దానిని శిరసావహించును.

ఇది యూహ కాదు. 2005 అక్టోబరులో అమెరికాలో శామీ కామ్‌కార్ అను యువకుడు, మైస్పేస్ అను వెబ్‌సైటునందలి తన పుటలో నిట్టి యాజ్ఞను దాచెను. ఆ పుటను చూచిన వారి పుటలోనికి అది తనంతట ప్రాకి, శామీ తమకు వీరుడని వారి పేరనే పొగడ్త వ్రాసెను. 20 గంటలలో పదిలక్షలకు పైగా పుటలకు వ్యాపించెను. మైస్పేస్ వారు కొన్ని పదములను ముందే నిషేధించి యుండిరి. అతడు నిషిద్ధపదమును నడుమ విఱిచి రెండు పంక్తులుగా వ్రాసెను. కావలి దానిని గుర్తింపలేదు. కొన్ని బ్రౌజరులు మాత్రము కలిపి చదివినవి. అతడు చేసినది కొంటెతనము. దొంగ యైనచో మీ పేరనే మీ దరఖాస్తును మార్పగలడు.

కావున చెడ్డ పదములను ఏరివేయుట చాలదు. మాఱువేషములకు అంతము లేదు. వ్రాసినదానిని ఉన్నదున్నట్లు భద్రపఱచి, పుటపై చూపునపుడు కోణపు గుర్తునకు బదులుగా దానిని సూచించు సంకేతాక్షరములను ఉంచవలెను. బ్రౌజరు ఆ సంకేతమును చూచి గుర్తును చిత్రించును గాని ఆజ్ఞగా నెంచదు. కొటేషను గుర్తులు మొదలగువానికిని, అవి పుటలో నుండు చోటును బట్టి, ఇట్లే చేయవలెను. ఏ మాటయు పోదు. ఏ మాటయు ఆజ్ఞ కాదు.

మీ సంఘమునకు వెబ్‌సైటు కట్టు యువకుని ఒక్క ప్రశ్న యడుగుడు: 'నాయనా, పరుల మాట ఆజ్ఞ కాకుండ ఎచ్చట గట్టు వేసితివి?' చెడ్డ పదములను తీసివేసితి నన్నచో, పని యింకను మిగిలియున్నదని చెప్పుడు.