అమ్మ గది

ఇల్లు మార్పించుకోవడానికి ఆర్కిటెక్ట్ అవసరమా అని గుళ్ళో కనబడినప్పుడల్లా చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. మా ఇంట్లో జరిగింది చెబుతాం.

అమ్మకి 79 ఏళ్ళు. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. మా పడకగదులన్నీ పైనే. మెట్ల మీద ఒకసారి జారారు కూడా. బేస్‌మెంట్‌లో గది, బాత్రూమ్ వేయించి, దిగడానికి స్టెయిర్‌లిఫ్ట్ పెడితే సరిపోతుందనుకున్నాం. ఆర్కిటెక్ట్‌కిచ్చే డబ్బుతో మంచి టైల్స్ వస్తాయని మా లెక్క.

స్నేహితుల పోరు పడలేక ఒకాయన్ని గంట లెక్కన పిలిచాం. ఆయన టేపు తీయకముందే అమ్మని, "రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?" అని అడిగారు. తర్వాత మా వైపు తిరిగి, "మంటలొస్తే ఈవిడ ఎటునుంచి బయటపడతారు?" అన్నారు.

చాలా రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం బేస్‌మెంట్ పడకగదికి బయటపడే దారి ఉండాలి. అది కిటికీ అయితే తెరిచినప్పుడు సాధారణంగా 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి, కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. కోడ్‌కి అది చాలు. కానీ 44 అంగుళాలంటే అమ్మకి గుండెల దాకా వస్తుంది. ఆ మోకాళ్ళతో ఎక్కగలరా?

బేస్‌మెంట్ మాట ఆ రోజే మానేశాం. ఏడాదికి నాలుగుసార్లు వాడే డైనింగ్ రూమ్ అమ్మ గది అయింది. మధ్య గోడ సగం కొట్టేద్దామని కాంట్రాక్టర్ అన్నాడు. అది పై అంతస్తు బరువు మోసే గోడ అని ఆర్కిటెక్ట్ ఆపి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో బీమ్ లెక్క కట్టించారు.

ఒక తప్పు మాదే. నవ్వుతారేమోనని వాస్తు సంగతి ముందు చెప్పలేదు. తీరా ప్లాన్ వచ్చాక చూస్తే షవర్ సరిగ్గా ఈశాన్యంలో ఉంది. అమ్మ ససేమిరా అన్నారు. మళ్ళీ గీయించడానికి అదనంగా కట్టాం. 1977లో కుంభాభిషేకం జరిగిన ఫ్లషింగ్ గణపతి గుడికి శిల్పాలు ఆంధ్రప్రదేశ్‌లో చెక్కించి తెచ్చారు. మన శాస్త్రాన్నీ ఇక్కడి నిబంధనలనీ కలిపి అంత గుడే కట్టినప్పుడు మాకు సిగ్గెందుకో! చెప్పగానే ఆయన నవ్వలేదు సరికదా, కాగితం మీద రాసుకున్నారు. ఇప్పుడు ఆ మూల దేవుడి అలమర ఉంది. మంచం మీద నుంచే అమ్మకి కనిపిస్తుంది.

మీరు మాట్లాడుకునే ముందు లైసెన్సు ఉందో లేదో రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫీజు గంటకా, మొత్తానికా, ఖర్చులో శాతమా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. చిన్న పనులకు అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ వారి బి105 అనే పొట్టి ఒప్పందం ఉంది. పని జరిగేటప్పుడు వచ్చి చూడడం కూడా అందులో చేర్పించండి. మేము ఆ డబ్బు మిగుల్చుదామనుకుని, మనసు మార్చుకున్నాం. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీకి గోడ లోపల చెక్క పెట్టకుండానే షీట్‌రాక్ మూసేశారు. ఆయన వచ్చి చూడబట్టి విప్పించారు. లేకపోతే అమ్మ బరువు పడ్డ రోజున తెలిసేది.

గదిలోకి మారి మూడు నెలలైంది. డైనింగ్ టేబుల్ మాత్రం బేస్‌మెంట్‌కి చేరింది. దీపావళికి మా ఇంటికొచ్చేవాళ్ళు కిందే భోంచేయాలి. ప్లాన్ల కాపీ తెచ్చాం, ప్రసాదం తీసుకునేటప్పుడు అడిగితే చూపిస్తాం.