స్టీరింగు తాళమును విప్పు విధము

44వ జాతీయ రహదారిపై ఇందల్వాయి మీదుగా నిజామాబాదు పసుపు విపణికి బోవువారు, నడుమ నొకచో కారు నిలిపి, మరల తాళపుచెవిని త్రిప్పబోగా చెవి కదలకున్నచో, తాళమును పెకలింప తొందరపడరాదు. చెవిని తీసినపిమ్మట నొక ఉక్కు గడియ స్ప్రింగు బలమున స్టీరింగు దండపు గాడిలో దిగి చక్రమును బంధించును గావున, చక్రమును ఇరువైపులకు కొంచెము కదల్చుచు చెవిని మెల్లగా త్రిప్పిన, గడియపై ఒత్తిడి సడలి, తాళము తరచుగా విడివడును.

అట్లును విడివడనిచో, యజమాని సమక్షమున నిపుణుడైన మెకానిక్కు చేయవలసిన పని యిది. ముందుగా బ్యాటరీ ఋణతీగను విప్పి, ఎయిర్‌బ్యాగు గల కారైనచో తయారీదారులు విధించిన కాలము వేచి, స్టీరింగు దండముపై తొడుగును తొలగింపవలయును. తాళమును పట్టియుంచు బోల్టులు, దొంగలు విప్పకుండుటకై, బిగించునపుడే తలలు విఱుగునట్లు పెక్కు కార్లలో నిర్మింపబడును గావున, వాని నడుమ పంచితో గుంట కొట్టి, డ్రిల్లుతో తొలిచి, ఎడమమర గల పనిముట్టుతో వెలికి దీయుదురు. మరల బిగించునపుడు అట్టి క్రొత్త బోల్టులనే వాడవలయును.

బండి కదలుచుండగా తాళపుచెవిని తీయుట ప్రాణాంతకమని మాత్ర మెన్నడును మఱువరాదు.